సరే అన్నాడుగా

మా తమ్ముడి పరుపు రోడ్డు మీద పడి ఉంది. భోజనం బెల్లు కొట్టగానే లాండ్రీ వెనక క్వార్టర్సుకి వెళ్లిన నాకు మొదట కనిపించింది అదే. పక్కనే ఆరుగురి బట్టలు, చెప్పులు, బకెట్లు. రెండు గదులకీ కొత్త తాళాలు. పదేళ్లుగా హోటలు దుప్పట్లు మడతపెడుతున్న ఆ ఆరుగురూ గోడవారన నిలబడి ఉన్నారు.

బుద్ధి ఎదగనివాళ్లని లోకం అంటుంది. ఒకప్పుడు నేనూ అన్నాను. వాళ్లలో ఒకడు నా తమ్ముడు, ముప్పై నాలుగేళ్లవాడు. ఏమడిగినా "సరే" అంటాడు కాబట్టి అందరికీ సరేబాబు.

లాండ్రీ కంట్రాక్టరు తన ఫోను నా మొహం ముందు పెట్టాడు. వీడియోలో అతని గొంతే: "ఊరి బయట మంచి హోము ఉంది, అందరూ వెళ్లిపోతారా?" మావాడు నవ్వుతూ "సరే" అన్నాడు.

"చూశావుగా, వాళ్లే ఒప్పుకున్నారు. సాయంత్రం వ్యాను వస్తుంది," అన్నాడు కంట్రాక్టరు.

ఆ హోము సంగతి నాకు తెలుసు. తలుపులకి గడియలు బయటి వైపు ఉంటాయి. వెళ్లినవాళ్లు మళ్లీ పనిలోకి రాగా చూసినవాళ్లు లేరు.

ఇస్త్రీ గదిలో అందరం చేరాం. బాయిలరు మేస్త్రీ విసుక్కున్నాడు. "అక్కడ తిండి పెడతారుగా! మన బతుకులకే దిక్కు లేదు, వాళ్ల కోసం కొట్లాటేంటి?"

"నీ చెయ్యి కాలి నువ్వు పడకేసినప్పుడు నీ పని కూడా లాక్కొచ్చింది ఎవరు?" అన్నాను. "ఇవాళ వెనక గదులు. రేపు ముందు వరస. అందులో ఉండేది నువ్వే."

మేస్త్రీ మచ్చపడ్డ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

అప్పుడు గుండీలక్క లేచింది. ఆరుగురిలో పెద్దది, ఊడిన గుండీలు కుట్టే మనిషి. మాట నిదానంగా వస్తుంది. "వాడు... సరే అనకపోతే కొట్టేవాళ్లు. బళ్లో. ఇంట్లో." నా వైపు చూసింది.

నా తల వాలిపోయింది. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సిగ్గే కోపంగా మారింది. మేం దెబ్బలతో నేర్పిన మాటని కంట్రాక్టరు దొంగతాళంలా వాడుకున్నాడు. వాణ్ణి ఊరికే వదలకూడదనిపించింది.

"కంట్రాక్టరుకి చెల్లిన సరే... మనకీ చెల్లాలి," అంటూ గుండీలక్క మా తమ్ముడి వైపు తిరిగింది. "కంట్రాక్టరు ఇంట్లో ఉందామా?"

"సరే."

అందరికంటే ముందు పగలబడి నవ్వింది మేస్త్రీయే. "ఇంకోసారి అడుగక్కా, ఫోనులో ఎక్కించుకుంటా!" అని, వెళ్లి బాయిలరు ఆపేశాడు.

మాసిన దుప్పట్ల బళ్లు తోసుకుంటూ అరవైమందిమి కంట్రాక్టరు ఇంటికి బయల్దేరాం. కంట్రాక్టరు గేటు దగ్గర అడ్డం పడ్డాడు. మేస్త్రీ ఫోను చూపించాడు. "ఒప్పుకున్నాడు సార్. మీ పద్ధతే!" గుండీలక్క తలుపు తోసింది. సోఫాలు బయటికి, మాసిన దుప్పట్లు లోపలికి వెళ్లాయి. ఆ తెల్ల పాలరాతి మీద హోటలు మురికంతా పరిచాం. నాకు చాలా సంతోషంగా ఉంది, అబద్ధం ఎందుకు?

పోలీసులు వచ్చారు. నన్నూ మేస్త్రీనీ జీపెక్కించి, ఇన్‌స్పెక్టరు ఆ ఆరుగురిని చూశాడు. "వీళ్లని పంపించెయ్యండి. పాపం, వీళ్లకేం తెలుసు!"

గుండీలక్క వెళ్లి జీపు ముందు కూర్చుంది. "తలుపు తోసింది నేను. నా పేరు రాయి."

"లేమ్మా."

"రాయి!"

మిగతావాళ్లూ ఒక్కొక్కరే కూర్చున్నారు. ఎవరూ అడక్కుండానే మా తమ్ముడూ కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు విసిగిపోయి పుస్తకం తీశాడు. "చిరునామా?"

"లాండ్రీ వెనక క్వార్టర్సు. రెండో గది."

"అది రాయకండి సార్! వాళ్లు ఖాళీ చేసేశారు!" అని అరిచాడు కంట్రాక్టరు.

"మరెక్కడుంటారని రాయను? మీ ఇంట్లోనా?"

ఆరు పేర్లూ ఆ చిరునామాతోనే పుస్తకంలోకి ఎక్కాయి.

గుండీలక్క కదల్లేదు. వేలెత్తి కంట్రాక్టరుని చూపించింది. "ఇప్పుడు వాడి పేరు రాయి. మేమున్న ఇంటికి తాళం వేశాడు."

"రాయి! రాయి!" అని వీధంతా అందుకుంది. పుస్తకంలో రాయమని మేం అరుస్తుంటే, కంట్రాక్టరుకి ఇంకో రాయి వినిపించినట్టుంది, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పాడు.