ఐదో పలక

అమృతకూ తారక్‌కూ పెళ్లయిన ఆర్నెల్లకే కెనడా స్టూడెంట్ వీసాలు వచ్చాయి. ఆమెకు ఎడ్మంటన్‌లో పీహెచ్‌డీ, అతనికి టొరంటో దగ్గర డిప్లొమా. ఒకే దేశం కదా అనుకున్నారు. మధ్యలో నాలుగు గంటల విమానప్రయాణం ఉందనీ, ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకదనీ వచ్చాకే తెలిసింది. ఏడాదిన్నర అలాగే గడిచింది.

రేడియేషన్ వల్ల మనిషి అడుగుపెట్టలేని చోట పరికరాలను కాపాడే పూత తయారుచేయడం అమృత పని. మామూలు రెజిన్ అక్కడ పెళుసెక్కి రాలిపోతుంది. అందుకే అందులో కంటికి ఆననంత సన్నటి బిస్మత్ ఆక్సైడ్ పొడి కలిపి, స్టీలు పలకల మీద పూసి, గడ్డకట్టే చలిలోనూ వేడిలోనూ మార్చి మార్చి ఉంచేది. అలా సిద్ధమైన ఎనిమిది పలకల్ని గామా కిరణాల పరీక్షకు తారక్ ఉండే ఒంటారియో రాష్ట్రానికి తీసుకెళ్లాలి.

"నువ్వే వెళ్లమ్మా. నాలుగు రోజుల పని" అన్నారు ప్రొఫెసర్ రంగనాథ్ గారు.

ఆ మాట వినగానే తారక్, టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లో తను పనిచేసే వేర్‌హౌస్‌లో షిఫ్టులన్నీ మార్చుకున్నాడు. "రూమ్మేట్స్ ఆ నాలుగు రోజులూ ఫ్రెండ్ దగ్గర ఉంటామన్నారు. నువ్వు రా చాలు" అన్నాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, పలకల్ని పెట్టెలో సర్దబోతూ చివరిసారి మైక్రోస్కోప్ కింద చూసింది అమృత. ఐదో పలక అంచున వెంట్రుక కంటే సన్నని బీట. పొడి ఒకచోట ఉండకట్టి, అక్కడే పూత చీలింది. మళ్లీ చూసింది. లెన్స్ తుడిచి మళ్లీ చూసింది. ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు. పెట్టె మూసేస్తే ఎవరికీ తెలియదు. పెట్టె మూత పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

తర్వాత రంగనాథ్ గారి గది తలుపు తట్టింది.

ఆయన చూసి నిట్టూర్చారు. "బ్యాచ్ మొత్తం మళ్లీ చేయాలి. పరీక్షకు దొరికిన ఈ స్లాట్ పోతుంది. ఇక ఏప్రిలే."

తారక్ లంచ్ బ్రేక్‌లో ఫోన్ ఎత్తాడు. అమృత చెప్పిందంతా విన్నాడు. వెనకాల ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు వినిపించింది.

"నీకు కనిపించింది కదా" అన్నాడు చివరికి.

"కనిపించింది."

"మరి చెప్పక ఏం చేస్తావ్?" అన్నాడు. "బ్రేక్ అయిపోయింది, ఉంటా."

చలికాలమంతా అమృత పొడి కలపడం మీదే కూర్చుంది. ఉండకట్టకుండా కొత్త పలకలు తయారయ్యాయి. ఏప్రిల్‌లో వాటితో ఒంటారియో వెళ్లింది. తారక్‌కు అప్పుడే పరీక్షలు. ఇద్దరికీ అతని గదిలో రెండు రాత్రులే మిగిలాయి.

ఎయిర్‌పోర్టులో అతన్ని చూసి, "చిక్కిపోయావు" అంది. అతను నవ్వి ఆమె చెయ్యి పట్టుకున్నాడు, కారు దాకా వదల్లేదు.

పలకలు పరీక్షను తట్టుకున్నాయి. ఆమె ఎడ్మంటన్ తిరిగొచ్చాక రంగనాథ్ గారు ల్యాబ్‌లో అందరికీ స్వీట్లు పంచారు. అమృత కూడా నవ్వుతూ తీసుకుంది. తారక్ ఉండే గది ఎలా ఉంటుందో ఇదివరకు ఊహించుకునేది. ఇప్పుడు ఆ గదిలో అతను ఏ వైపు తిరిగి పడుకుంటాడో కూడా తెలుసు. అందుకే ఇప్పుడు దూరం మరీ ఎక్కువగా అనిపించింది.