పాతదాంతో పనేమీ లేదు

వినికిడి మిషను చివర చెవిలో దూర్చుకునే అచ్చుల్లో నాలుగోదాన్ని సబ్బునీళ్లలోంచి తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి దాని సన్నటి రంధ్రంలోకి చూశాడు మిషన్ మాస్టారు. లోపల గులిమి ఇంకా కొంచెం ఉంది. తీగ కొక్కేన్ని లోపలికి పోనిచ్చి ఒక్క తిప్పు తిప్పి బయటికి లాగాడు. రబ్బరు బుడ్డితో రెండుసార్లు గాలి కొట్టి, మెత్తటి గుడ్డ మీద మిగతా మూడింటి పక్కన బోర్లించాడు. ఏది ఎవరిదో చీటీలు రాసి పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. మనుషుల ముఖాలు మరిచిపోతాడేమో గాని చెవులు మరిచిపోడు.

ఆ చెవుల క్లినిక్కులో ఇరవై ఏడేళ్లుగా ఆయన పని ఇదే. అంతకుముందు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు కొనేవాళ్లు పోయి కొట్టు మూతపడ్డాక పెద్ద డాక్టరు పిలిచి, "సన్నటి తీగలకు అలవాటు పడ్డ చెయ్యి నీది, మా దగ్గరికి రా" అన్నాడు. వినికిడి మిషను విప్పడం, తుడవడం, కంప్యూటరుకు తగిలించి ఒక్కొక్కరి చెవికి తగ్గట్టు శబ్దం హెచ్చించడం, తగ్గించడం అన్నీ చూసి నేర్చుకున్నవే. చదివి నేర్చినది ఒక్కటీ లేదు. రోజంతా వినపడనివాళ్లతో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు పెద్దదైపోయింది. ఇంటికెళ్లి మంచినీళ్లు అడిగితే పక్కవాటాలో వాళ్లు తలుపు తీసి చూసేవారు. "ఈ ఇంట్లో అందరికీ చెవులున్నాయండీ" అనేది భార్య.

వినపడనివాళ్లతో మాట్లాడేటప్పుడు పాటించవలసిన నియమం మాత్రం ఒకటుంది. అది పెద్ద డాక్టరు మొదటిరోజే చెప్పాడు. "నీ ముఖం వాళ్లకు కనపడాలి. సగం మాట వాళ్లు కళ్లతోనే వింటారు." ఇన్నేళ్లలో ఆ మాట ఆయన జవదాటింది ఒక్కసారే.

ఐదో అచ్చు చేతిలోకి తీసుకుంటూ నడవ వైపు చూశాడు. నడవ చివర, బీరువా పక్కన, పాత దుప్పటి కప్పుకుని ఉంది పాత కంప్యూటరు. ఇవాళ పదకొండింటికి దాన్ని పట్టుకుపోతారు.

ఐదు నెలల కిందటి సంగతి. పెద్ద డాక్టరు కాలం చేశాక క్లినిక్కు ఆయన కూతురి చేతికి వచ్చింది. డాక్టరమ్మ మంచి మనిషే. డిగ్రీ చదివిన పిల్లను ఒకామెను వినికిడి పరీక్షలకు పెట్టింది, గోడలకు రంగు వేయించింది, కంప్యూటర్ల సంగతి చూడడానికి ఒకావిడను కుదిర్చింది. ఒకరోజు అందరూ టీ తాగుతుండగా డాక్టరమ్మ నవ్వుతూ, "మన మాస్టారు, ఆ పాత కంప్యూటరు ఒకే ఈడు వాళ్లు. రెండూ ఒకేరోజు రిటైరవుతాయి" అంది. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. ఆ నవ్వు గొంతులో చేపముల్లులా రెండురోజులు ఉండిపోయింది.

ఆ వారంలోనే కంప్యూటర్లావిడ వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను చేసినవాళ్లే వదిలేశారు. ఇక దానికి మరమ్మతులు రావు. ఇంటర్నెట్టుకు తగిలించి ఉంచితే తలుపుల్లేని ఇల్లే. కొత్త సిస్టమ్ పెట్టుకోవడం మేలు. అంతా చెప్పి మాస్టారు వైపు తిరిగింది.

"పాతదాంట్లో మాత్రమే నడిచే ప్రోగ్రాములు ఏమైనా ఉన్నాయా అండీ? ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఉంది. పాత రకం మిషన్లను సరిచేసే ప్రోగ్రాము ఉంది. దాని తీగ కొత్త కంప్యూటరుకు పట్టదు, ఆ ప్రోగ్రాము కొత్త సిస్టమ్‌లో తెరుచుకోనే తెరుచుకోదు. అలాంటి మిషన్లు వాడేవాళ్లు ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్ల చెవులు పదకొండూ ఆయన కళ్ల ముందు మెదిలాయి. డిగ్రీ పిల్ల కలం పట్టుకుని ఆయన నోటివంకే చూస్తోంది. డాక్టరమ్మ పెదవి చివర చిన్న నవ్వు ఉంది, లేదా ఉందని ఆయనకు అనిపించింది.

"ఏమీ లేవండి" అన్నాడు. "పాతదాంతో పనేమీ లేదు. కొత్తదే పెట్టేయండి."

"మాస్టారూ, మాకంటే మీరే ముందున్నారే" అంది డాక్టరమ్మ.

ఆ మెప్పుకు ఆయన చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ ఈల కూడా వేశాడు.

పాత మిషన్ల వాళ్లు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి వస్తారు. ఈలోగా ఏదో ఒక దారి దొరుకుతుందనుకున్నాడు. మూడు నెలల కిందట కుట్టు టీచరు వచ్చింది.

ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఊళ్లో సగంమంది ఆడవాళ్లకు సూది పట్టడం నేర్పిన మనిషి. పద్నాలుగేళ్లుగా చెవిలో ఒకటే మిషన్. ఎప్పుడు వచ్చినా వెళ్లేముందు మాస్టారు చొక్కా గుండీలు ఓసారి తేరిపారా చూసి, వదులైనది ఉంటే అక్కడే కుట్టి వెళ్లేది. ఆ రోజు మిషన్ కూత పెడుతోందని, మాటలన్నీ రేకుడబ్బాలో గులకరాళ్లలా వినపడుతున్నాయని చెప్పింది.

పాత కంప్యూటరుకు తగిలిస్తే పది నిమిషాల పని. కంప్యూటరు నడవలోనే ఉంది. కానీ దుప్పటి తీసి, దాన్ని బల్ల మీదికి ఎత్తి, తీగలు తగిలిస్తుంటే డాక్టరమ్మ చూస్తుంది. లేవన్నారుగా అంటుంది. తేలు కుట్టిన దొంగలా మాస్టారు కాసేపు మిషన్ను అటూ ఇటూ తిప్పాడు. కొత్త కంప్యూటరు ముందు కూర్చుని, పనికిరాదని తెలిసి కూడా రెండు మీటలు నొక్కాడు. తర్వాత తెరవైపే చూస్తూ చెప్పాడు.

"దీని పనైపోయింది టీచరుగారూ. కొత్తది తీసుకోవాల్సిందే."

"ఏవంటున్నావు నాయనా?"

మళ్లీ చెప్పాడు. అప్పుడూ తెరవైపే చూస్తూ.

ఆవిడ చాలాసేపు ఆయన పక్కముఖాన్ని చూస్తూ కూర్చుంది. "కొత్తదాంట్లో మా వాళ్ల గొంతులు వేరేగా ఉంటాయిట కదా. ఈ వయసులో సొంత కొడుకు గొంతు మళ్లీ కొత్తగా ఏం నేర్చుకుంటాను" అంది. మిషన్ను రుమాలులో మడిచి, సంచిలో వేసుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది. ఆ రోజు గుండీల వంక చూడలేదు.

రేపు ఫోన్ చేద్దామనుకున్నాడు. రేపులు మూడు నెలలయ్యాయి. ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ముందు ఏ మాట చెప్పాలో తెలిసేది కాదు.

పదకొండు దాటాక కంప్యూటర్లావిడ వచ్చింది. దుప్పటి తీసి మడతపెట్టింది. తుమ్మింది. కంప్యూటరును నడవలోనే ప్లగ్గుకు తగిలించి మీట నొక్కితే అది ముసలి మనిషి లేచినట్టు ఓసారి గురగురలాడి వెలిగింది.

"లోపలున్నదంతా చెరిపేసి పట్టుకెళతాను మాస్టారూ. సరేనా?"

"సరేనండి" అంటూనే గదిలోకి నడిచాడు. ఐదో అచ్చు ఇంకా చేతిలోనే ఉంది. అది ఒక బడిపిల్లది, చిటికెన వేలి కొసంత ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పెట్టబోయి, పెట్టకుండానే వెనక్కి తిరిగాడు.

"ఆగండమ్మా. చెరపొద్దు."

డాక్టరమ్మ గది తలుపు తట్టి లోపలికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆవిడను తెల్ల రిబ్బన్లు కట్టుకుని బడికి వెళ్లే రోజుల నుంచి ఎరుగును. తలవంచుకుని చెప్పాడు. ప్రోగ్రాము సంగతి, పదకొండుమంది సంగతి, కుట్టు టీచరు సంగతి. టీ తాగుతూ ఆవిడ అన్న మాట సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే తప్పు ఆవిడ మీదికి కొంత జరుగుతుంది. అంత దిగజారదలచుకోలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

"అప్పుడే చెప్పుంటే రెండూ ఉంచుకునేవాళ్లం కదా మాస్టారూ" అంది. "ఇంటర్నెట్ తీసేసి ఆ మూల పెట్టుకుంటే పోయేది. బల్ల ఖాళీగానే ఉంది."

అంతే. ఒక ఖాళీ బల్లతో తీరిపోయే పని.

కంప్యూటర్లావిడ తనే సాయం పట్టి దాన్ని మూల బల్ల మీదికి చేర్చింది. పాత తీగ దొరికింది. ప్రోగ్రాము తెరుచుకుంది. మాస్టారు మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఫోన్ దగ్గర కూర్చున్నాడు. మొదటి నంబరు కుట్టు టీచరుదే. కోడలు ఎత్తింది.

"టీచరుగారిని మిషన్ తీసుకుని రమ్మనండమ్మా" అన్నాడు ఎప్పటి గొంతుతోనే. "బాగవుతుంది. పది నిమిషాల్లో చేసిస్తాను."

"నేనే తీసుకొస్తానండీ. సాయంత్రం వస్తాను" అంది.

ఆ మాట ఆయనకు ఎక్కడలేని ఓపిక ఇచ్చింది. మిగతా పదిమందికీ వరసగా చేశాడు. ఒకాయన వేరే చోట కొత్త మిషన్ పెట్టించుకున్నాడట. ఒకావిడ రేపే వస్తానంది. ఒక రిటైర్డు బస్సు డ్రైవరు, "బతికే ఉన్నానయ్యా, నా మిషన్ కూడా బతికే ఉంది, అరవకు" అన్నాడు. మాస్టారు చాలా రోజులకు నవ్వాడు.

నాలుగింటికి కోడలు వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మాస్టారు మెట్లవైపు చూశాడు.

"అత్తయ్య పోయి ఇరవై రోజులవుతోందండీ" అందామె. "జ్వరం వచ్చింది, నాలుగు రోజులు. ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. మిషన్ ఎవరికైనా పనికొస్తుందేమోనని..."

రుమాలు మడత విప్పి బల్ల మీద పెట్టింది. మాస్టారు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, ముఖం ఆమెకు కనపడేలా తిప్పి, అన్నాడు.

"ఆ రోజు దీని పనైపోలేదమ్మా. నేనే అబద్ధం చెప్పాను."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"అత్తయ్యకు తెలుసండీ. ఇంటికొచ్చి చెప్పారు. 'మాస్టారు నా ముఖం చూడకుండా మాట్లాడాడే, ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు' అని. ఇంకోసారి వెళ్లి అడుగుదామని మా ఆయన అంటే వద్దన్నారు. 'అతనికేదో ఇబ్బంది ఉండుంటుంది. నలుగురిలో అడిగితే చిన్నబోతాడు' అన్నారు."

మాస్టారు మిషన్ను మళ్లీ రుమాలులో మడిచాడు. ఆమె చేతిలోని సంచి కూడా బల్ల మీద పెట్టింది. "ఆ సంచి ఆవిడదేనండీ. ఆవిడ వస్తువులు ఇంట్లో ఎదురుపడుతుంటే కష్టంగా ఉంది. ఉండనివ్వండి" అని, చెంగుతో ఓసారి ముఖం తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

డిగ్రీ పిల్ల వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, "మాస్టారూ, రేపు ఆ పాత ప్రోగ్రాము నాకూ నేర్పిస్తారా?" అని అడిగింది. ఆయన తలూపాడు. ఆ పిల్ల మంచితనానికి మాత్రమే అడిగిందా, నిజంగానే అడిగిందా అన్నది ఆలోచించే స్థితిలో లేడు.

అందరూ వెళ్లాక సంచి చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. లోపల చిన్నపిల్లల పలక ఒకటి ఉంది. చివరి రెండు నెలలు ఇంట్లోవాళ్లు ఆవిడతో దాని మీదే మాట్లాడినట్టున్నారు. తుడిచీ తుడిచీ నల్లటి పలక బూడిదరంగుకు తిరిగింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో, "తలుపు గడియ పెట్టుకోకండి అత్తయ్యా, పిలిస్తే మీకు వినపడదు" అని రాసి ఉంది. చెక్క చట్రానికి ఒక మూల కన్నం పొడిచి దారం కట్టారు. ఆ దారం చివర వేలాడుతున్న బలపం అరిగి అరిగి గోరంత మిగిలింది.