కాలితో ఊపిన ఊయల

కాంగ్ పెద్దమ్మ ఇంటి ముంగిట అడ్డకర్రలు దించి ఉన్నాయి. అంటే ఇంట్లో మనుషులున్నట్టే. యంగ్‌రన్ సైకిలును నల్లరాళ్ళ గోడకు ఆనించి, గాలికి మొహం మీద పడుతున్న జుట్టును చెవుల వెనక్కి తోసుకుని, తూనిక సంచీతో లోపలికి నడిచింది. దీవిలోని ఆ సముద్రపు ఒడ్డు ఊరికి ఆమె ఒక్కతే నర్సు. ఈ ఇంటి పసివాడి మీదే ఆమె బెంగంతా. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నవాడు, పోయినసారి తూచినప్పుడు తగ్గాడు.

ఆ ఆవరణలో ఇళ్ళు రెండు, వంటిళ్ళూ రెండే. పెద్ద ఇంట్లో కొడుకు సంగ్‌జే, కోడలు మిహ్వా. చిన్న ఇంట్లో పెద్దమ్మ. ఒకే వాకిలి తొక్కినా ఎవరి కుండ వారిదే, ఆ దీవిలో అందరిలాగే. అయితే పిల్లవాడు పుట్టాక పెద్దమ్మ ఆ పద్ధతిని పక్కన పెట్టింది. సముద్రంలో మునిగి గవ్వలూ నాచూ తెచ్చే పని మానుకుని, వెదురు ఊయలను తన ఇంట్లోకి తెచ్చుకుని, దాని పక్కనే కూచుంది.

యంగ్‌రన్ పసివాణ్ణి గుడ్డలో చుట్టి త్రాసు కొక్కేనికి తగిలించింది. ముల్లు కదిలి ఆగింది.

"ఏమంటోంది నీ ముల్లు?" అంది పెద్దమ్మ.

"ఇంకాస్త తగ్గాడు పెద్దమ్మా."

"నీ ముల్లుకి కళ్ళు పోయినట్టున్నాయి. నా బుజ్జి కుక్కపిల్ల ఎంత హాయిగా నిద్రపోతాడో చూడు! కోడలికి పాలే చాలట్లేదు. చేప వేసి నాచు చారు కాస్తున్నాను, పూటపూటా గిన్నెడు తాగిస్తున్నాను. ఇంకేం పొయ్యమంటావు, సముద్రాన్నే ఎత్తి పొయ్యనా?"

అల్మరాలో కొత్త పాలపొడి డబ్బా ఉంది. సంగ్‌జే తెచ్చి పెట్టాడు. ఎవరూ ఇంకా మూత తియ్యలేదు. తీస్తే కోడలికి నామోషీ అని పెద్దమ్మే దాన్ని వెనక్కి తోసింది.

పిల్లవాడికి జ్వరం లేదు. కళ్ళు పచ్చబడలేదు. తొడల మీద చర్మం మాత్రం వదులై, ముసలివాడి చెంపలా ఉంది. పొద్దుట్నుంచి గుడ్డ ఒక్కసారే తడిపాడట.

"ఎల్లుండికి బరువు పెరగకపోతే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి పెద్దమ్మా. ఈలోగా నీరసంగా కనిపించినా, పాలు పట్టకపోయినా అప్పటికప్పుడే బయలుదేరాలి."

పెద్దమ్మ మొహం మాడింది. "ఆ అద్దాల గదిలో పెడతారు. తల్లొక చోట, వీడొక చోట. వద్దు తల్లీ. నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెయ్యి."

యంగ్‌రన్ వాకిలి దాటి పెద్ద ఇంటికి వెళ్ళింది. మిహ్వా కింద నిప్పుతో వెచ్చబెట్టిన నేల మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. రవిక ముందు భాగమంతా తడిసి ఉంది.

"నిద్ర పట్టిందా?"

"ఎక్కడక్కా! చెవులు ఆ ఇంటి వైపే ఉంటాయి."

"పాలు కారిపోతున్నాయే. వెళ్ళి వాణ్ణి తెచ్చుకోవచ్చుగా?"

"అయ్యో, నాకోసం అత్తమ్మ సముద్రమే మానేసింది. వెళ్ళి పిల్లాణ్ణి ఇమ్మంటే, తను చూసుకోవడం నాకు నచ్చలేదనుకోదూ? ఏడిస్తే ఆవిడే తెచ్చి ఇస్తుంది." మిహ్వా తడి రవికను దుప్పటి కింద దాచుకుంది. "వాడు చాలా మంచివాడక్కా. ఏడవనే ఏడవడు."

యంగ్‌రన్ మళ్ళీ వాకిలి దాటింది. తిరిగి చిన్న ఇంటికి వచ్చి, గోడకు చేరబడి కూచుంది.

"పనేం లేదా నీకు?" అంది పెద్దమ్మ.

"కాళ్ళు నొప్పులు. కాసేపు కూచుని పోతాను."

"ఈ వయసుకేనా! నీ కాళ్ళు నాకిచ్చి నావి నువ్వు తీసుకో."

పెద్దమ్మ గవ్వలు ఏరుకునే వలసంచీ చిరుగులు కుడుతోంది. పిల్లవాడు కదిలాడు. పెద్దమ్మ చూపు సూది మీదే ఉంది, కాలు మాత్రం ఊయలను తోసింది. వెదురు కిర్రుమంది. వాడు సర్దుకున్నాడు. కాసేపటికి పిడికిలి గడ్డం దాకా వచ్చింది, నోరు తెరుచుకుంది. మళ్ళీ కాలు తోసింది. పిడికిలి జారిపోయింది. ఇంకోసారి తల పక్కకు తిప్పి గుడ్డ అంచును వెతుక్కున్నాడు. మళ్ళీ కాలు. ఎంత నేర్పరి కాలు అది! ఆ దీవిలో ఏ పసివాణ్ణయినా ఏడిచేలోపే జోకొట్టగలదు.

మీరే వాణ్ణి పస్తు పెడుతున్నారు అన్న మాట యంగ్‌రన్ నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దమ్మ మడమ చూసింది. ఉప్పునీటికి బీటలు వారిన మడమ. మాట మింగేసింది.

"కోడల్ని బాగా పడుకోనిస్తున్నారు పెద్దమ్మా."

"సంగ్‌జేని కన్న వారానికే నేను నీళ్ళలో దిగాను. ఆ చలి ఇప్పటికీ నడుంలోంచి పోలేదు. ఆ గతి ఈ పిల్లకి పట్టకూడదు."

"నీళ్ళ అడుగున ఉన్నప్పుడు ఊపిరి అయిపోయిందని ఎలా తెలుస్తుంది మీకు?"

పెద్దమ్మ నవ్వింది. "అయిపోయిందని తెలిసేదాకా ఉంటే శవమై తేలతావు. ముందే పొట్ట ఒకసారి అదురుతుంది. ఎదురుగా ఎంత పెద్ద గవ్వ ఉన్నా వదిలేసి పైకి రావాలి."

"ఒక్కసారి కాలు తీసి వీడివంక చూడండి."

పెద్దమ్మ వింతగా చూసి కాలు తీసింది. ఊయల ఆగింది. పిడికిలి మెల్లగా పైకి వచ్చింది. పెదవులు చప్పరించాయి. తల అటూ ఇటూ తిరిగింది. ఏడుపు లేదు.

"ఇదే వాడి పొట్ట అదరడం," అంది యంగ్‌రన్. "ఏడుపు ఆఖర్న వస్తుంది. నీరసపడ్డవాడికి అదీ రాదు."

సూది పెద్దమ్మ ఒళ్ళో పడింది.

"అంటే పైకి వస్తున్నవాణ్ణి నేనే మళ్ళీ ముంచానా?"

"కోడలు నిద్రపోవాలని మీరు ఊపారు. మీ మనసు నొచ్చుకుంటుందని తను నోరు మూసుకుంది. మీ ఇద్దరి మర్యాదల మధ్య వీడు ఇరుక్కున్నాడు, అంతే. అక్కడ ఆ పిల్ల రవిక చూడండి, పాలతో తడిసిపోయింది."

పెద్దమ్మ లేచింది. పిల్లవాడితో సహా ఊయలను రెండు చేతులా ఎత్తి వాకిలి దాటింది. గాలి బలంగా వీస్తుంటే వీపుతో అడ్డుకుంటూ పక్కగా నడిచింది.

"లేవే పిల్లా! పాలన్నీ దుప్పటికి తాగిస్తున్నావటగా! నోరు లేదూ? అత్తమ్మా, నా పిల్లాణ్ణి ఇవ్వు అనడానికి చేతకాలేదూ?"

మిహ్వాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "మీరు తిడతారేమోనని."

"ఇప్పుడు తిడుతున్నానుగా. పట్టు!"

పిల్లవాడు మొదట తడబడ్డాడు. యంగ్‌రన్ వాడి తల సరిచేసి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగమంది. వాడు పట్టుకున్నాడు. కాసేపటికి గుటక వినిపించింది, మళ్ళీ ఒకటి. ముగ్గురాడవాళ్ళూ ఊపిరి బిగబట్టి విన్నారు.

"రేయింబవళ్ళూ వీడు నీ పక్కనే ఉండాలి," అంది యంగ్‌రన్. "ఎక్కువసేపు నిద్రపోతే లేపి మరీ పట్టు. నీ నిద్ర వాడి నిద్రతోనే. వంట, గుడ్డలు సంగ్‌జే చూసుకుంటాడు."

"వాడి వంటా?" అంది పెద్దమ్మ. "పిల్లాడికి కాదు, అప్పుడు కోడలికి కావాలి ఆసుపత్రి."

రెండు రోజుల తర్వాత యంగ్‌రన్ వచ్చేసరికి తడిగుడ్డలు గాలికి వరసగా రెపరెపలాడుతున్నాయి. వాటిని లెక్కపెట్టకుండానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. పెద్ద ఇంట్లో పసివాణ్ణి కొక్కేనికి తగిలిస్తుంటే పెద్దమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

"నేను చూడను. నువ్వే చెప్పు."

"పెరిగాడు పెద్దమ్మా. ఆసుపత్రి అక్కర్లేదు."

పెద్దమ్మ భుజాలు కిందికి దిగాయి. "నీ ముల్లుకి ఇప్పుడు కళ్ళొచ్చాయన్నమాట."

ఆమె సముద్రానికి వెళ్ళే నల్లదుస్తులు సగం తొడుక్కుని ఉంది. నీటి కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. గడప దాకా వెళ్ళి, ఆగి, మళ్ళీ కోడలి పక్కన ఊయలలో పడుకోబెట్టిన పిల్లవాడివంక చూసింది.

"పాలు తాగాక కూడా నేను ఊపకూడదా?" అని అడిగింది, ఎవరినీ ఉద్దేశించనట్టు.

"తాగాక మీరే ఊపాలి అత్తమ్మా," అంది మిహ్వా. "నేను ఊపితే నన్ను వెక్కిరించినట్టు చూస్తాడు."

పెద్దమ్మ అలా సగం దుస్తుల్లోనే కూలబడి, కాలు ఊయల మీద ఆనించింది. వలసంచీ తీసుకోలేదు. చూపు పిల్లవాడి నోటి మీద పెట్టి, మెల్లగా ఊపసాగింది. ఒడ్డున తోటి ఆడవాళ్ళు ఆమె పేరు పెట్టి కేకేస్తున్నారు. యంగ్‌రన్ త్రాసూ గుడ్డా సంచీలో సర్దుకుంటోంది.

అంతలో ఓ చిన్న పిడికిలి పైకి లేచింది. కాలు టక్కున ఆగింది.

"కోడలా, రా రా!" అని అరిచింది పెద్దమ్మ. "నీ కొడుకు ఊపిరికి పైకొస్తున్నాడు!"