సూర్యకళ చేసిన పనీర్ ముద్దలు

నాచారంలోని ఒక పంపుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సూర్యకళ పదకొండేళ్లుగా వంట చేస్తోంది. ఆ ఏడాది వానాకాలంలో వచ్చిన జ్వరం తగ్గాక ఆమెకు వాసన తెలియకుండా పోయింది. నాలుకకు ఉప్పు, పులుపు, కారం తగిలేవి, అంతే. ఆ సంగతి భర్త ఉపేందర్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే వంటలోంచి తీసేస్తారని భయం. కొలతలు చేతికి తెలుసు కాబట్టి మూడు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది.

స్టోర్స్‌లో పనిచేసే పరంధామయ్య రిటైరవుతున్నాడు. భీమవరం వైపు మనిషి.

"పార్టీలో నీ పనీర్ ముద్దలు ఉండాలమ్మా. నేనడిగేది అదొక్కటే" అన్నాడు.

పార్టీ గురువారం. బుధవారం తెలంగాణ బంద్, పాలు దొరకవు. అందుకని మంగళవారమే నిమ్మరసంతో పాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి, బరువు పెట్టి, పనీరు క్యాంటీన్ ఫ్రిజ్‌లో దాచింది. బంద్ రోజు క్యాంటీన్ మూసేశారు. ఆ పగలంతా కరెంటు లేదని ఆమెకు తెలియదు.

గురువారం చూస్తే పనీరు తెల్లగా, చల్లగానే ఉంది. చిదిమి, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి కలిపింది. ముద్దలు చేసి పెనం మీద ఎర్రగా కాల్చింది. ఒకటి నోట్లో వేసుకుంది. కాస్త పుల్లగా తగిలితే నిమ్మరసం ఎక్కువైందనుకుంది.

మొదటి ప్లేటు పరంధామయ్యకే ఇచ్చింది. ఆయన కొరికి, ఒక్క క్షణం ఆగి, ఆమె ముఖం చూసి మింగేశాడు. రెండోదీ తిన్నాడు. పక్కనున్న మేనేజర్ చిదంబరం మాత్రం ఉమ్మేశాడు.

"ఏంటిది? కుళ్లిపోయింది! వాసన రాలేదా నీకు?"

వచ్చిందంటే తెలిసే పెట్టినట్టు. రాలేదంటే మళ్లీ గరిటె పట్టనివ్వరు.

"రాలే సార్" అంది. "మూడు నెల్ల సంది నాకు ఏ వాసనా తెలుస్తలేదు."

అందరూ ప్లేట్లు కింద పెట్టేశారు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు పరంధామయ్య.

"చెప్తే ఎవలు వండనిస్తరు సార్?"

ఆ సాయంత్రమే పరంధామయ్యకు వాంతులు మొదలయ్యాయి. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంటికి వచ్చాడని తెలిసి సూర్యకళ ఉప్పల్ వెళ్లింది. ఆయన భార్య సత్యవేణి తలుపు సగమే తీసింది.

"ఆయన పడుకున్నారు. ఇక రాకు" అంది.

సోమవారం నుంచి క్యాంటీన్‌లో కొత్త మనిషి వండుతోంది. సూర్యకళకు షెడ్డు ఊడ్చే పని ఇచ్చారు. చీపురు పట్టుకుని వంటగది ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆమె తల తిప్పుకుంటుంది.

తర్వాతి ఆదివారం ఇంట్లో పప్పు వండి, ఉపేందర్‌కు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఎట్లుంది?"

"మస్తుంది."

"నిజం చెప్పు. మంచిగ లేకున్నా తింటున్నవా?"

"గట్లెందుకంటవ్? మంచిగనే ఉంది."

అతను ఇంకా కొంచెం వేయమన్నాడు. ఆమె వేసింది గానీ అతని మాట నమ్మలేదు. తన కోసం ఒక మనిషి ఎలా మింగుతాడో ఆమె ఇదివరకే చూసింది. తన కంచంలో అన్నం పెట్టుకోకుండానే లేచి, గిన్నె మీద మూత పెట్టేసింది.