పన్నెండో కుర్చీ

అమెరికా పౌరసత్వం వచ్చిన ఆరు నెలలకే, 1984 వేసవిలో, విజయశ్రీకి జ్యూరీ పిలుపు వచ్చింది. భర్త భాస్కర్ క్యారీలోని ఇంటి నుంచి రాలీ ఊళ్ళో కోర్టు దాకా కార్లో దింపుతూ, "పిల్లలున్నారని చెప్పి తప్పించుకో," అన్నాడు. ఆమెకీ అదే ఉద్దేశం, ముద్దాయిని చూసేదాకా.

హ్యాంక్ డోబిన్స్. బట్టలూ నగలూ అమ్మే పెద్ద దుకాణంలో సెక్యూరిటీ ఆఫీసర్. రెండేళ్ళ కింద ఆమె మెడలో పుస్తెలతాడు చూసి, నగల కౌంటర్లో కొట్టేసిందన్నాడు. "రసీదేది?" అని గద్దించాడు. పెళ్ళిలో కట్టిన పుస్తెలకి రసీదు ఎవరిస్తారు? అందరి ముందూ తీయించి ట్రేలో పెట్టించాడు. సరుకేమీ పోలేదని తేలాక, క్షమించమని కూడా అనకుండా ట్రే ఆమె వైపు తోశాడు. ఇంటికొచ్చి భాస్కర్ చేత మళ్ళీ కట్టించుకుంది గానీ, ఆ మంట చల్లారలేదు.

ఇప్పుడు కేసు ఏమిటంటే, ఒక ముసలామెని దొంగ అని గదిలో పెట్టి, చెయ్యి మెలితిప్పి విరిచాడట.

జడ్జిగారు పిలుపు మీద వచ్చినవాళ్ళందరిచేతా నిజమే చెబుతామని ప్రమాణం చేయించి, విడమరిచి చెప్పారు. "శిక్ష వేసేది నేను. తప్పు చేశాడా లేదా తేల్చేది మీలో పన్నెండుమంది. పన్నెండుమందీ ఒకే మాట మీద ఉండాలి. ఇక్కడ విన్న సాక్ష్యం తప్ప వేరేదేదీ మనసులో ఉండకూడదు. ముద్దాయిని ఎరిగినవాళ్ళు, అడిగినప్పుడు నిజం చెప్పాలి."

భోజనాల వేళ ఆమె ఫోన్ చేసింది. "ఏమండీ, వాడే! నా చేతికి చిక్కాడు."

"అయితే నోరు మెదపకు. లోపల కూర్చుని కసి తీర్చుకో."

"ప్రమాణం చేశానండీ."

"నీకు ప్రమాణం కంటే పగే ముద్దు. పదేళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదూ!"

మధ్యాహ్నానికి పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండో దానికి విజయశ్రీని పిలిచారు. ముద్దాయి లాయరు ఆమెని ఎగాదిగా చూసి డోబిన్స్ చెవిలో ఏదో అన్నాడు. డోబిన్స్ సరేనని తలూపి, ఆమెకేసి చూసి మర్యాదగా నవ్వాడు.

వాడికి గుర్తే లేదు!

ఆమె ఒళ్ళు భగ్గుమంది. దెబ్బ తీసిందెవరో, ఎందుకు తీసిందో వాడికి తెలియకపోతే అదేం పగ?

"ముద్దాయిని ఇంతకుముందు ఎప్పుడైనా చూశారా?" అన్నాడు లాయరు.

"చూశాను," అంది గట్టిగా.

జడ్జి ఆమెని ఆపి దగ్గరికి పిలిచారు. ఇద్దరు లాయర్ల ఎదుటా సంగతంతా మెల్లగా విన్నారు. "మీ కోపం న్యాయమే కావచ్చు. కానీ కోపం ఉన్నవాళ్ళకి ఈ కుర్చీ ఇవ్వం. మీరు వెళ్ళొచ్చు."

చేజేతులా వదిలేశానే అని కళ్ళనీళ్ళతో వరండాలోకి వచ్చింది. ప్రభుత్వం తరపు లాయరమ్మ వెనకే పరుగున వచ్చింది.

"తీర్పు చెప్పడానికి మీ కోపం అడ్డు. సాక్ష్యం చెప్పడానికి కాదు. జడ్జిగారు ఒప్పుకుంటే వస్తారా?"

"ఇప్పుడే రమ్మంటారా?" అంది విజయశ్రీ.

జడ్జి ఒప్పుకున్నారు. మూడోరోజు ఆమె సాక్షి స్థానంలో కూర్చుని, జరిగినదంతా చెప్పింది. ముద్దాయి లాయరు లేచాడు.

"ఈయన మీద మీకు పగ ఉంది, అవునా?"

"ఉంది. అందుకే ఒక్క మాటా మర్చిపోలేదు."

డోబిన్స్ ఆమె మెడలోని పుస్తెలతాడు కేసి చూశాడు. ఇప్పుడు గుర్తుపట్టాడు. పన్నెండు తలలూ అతని వైపు తిరిగేదాకా విజయశ్రీ చూపు తిప్పలేదు.