మచ్చల బీడ్

ఫ్లాస్కు అడుగున గిరగిరా తిరుగుతూ రసాయనాలను కలిపే తెల్లటి అయస్కాంతపు గుళికను ల్యాబులో బీడ్ అంటారు. అక్కడ డాక్టరేట్ కోసం పనిచేసే అక్క బీడ్ మాత్రం తెల్లగా ఉండేది కాదు. ఎవరో పాతవాళ్లు వాడి వదిలేసింది, ఒళ్లంతా నల్లమచ్చలు. చేతికి కలిసొచ్చిందని మూడేళ్లూ దాన్నే వాడింది. ఏ బీడ్ వాడామో నోట్‌బుక్‌లో ఎవరు రాస్తారు చెప్పండి? ఆమె కూడా రాయలేదు.

పలాడియం లోహం వేస్తే తప్ప జరగని రియాక్షన్‌ను ఏ లోహమూ లేకుండా జరిపించాలని ఆమె పట్టుదల. జరిపించింది కూడా. ఇక పేపర్ అచ్చయితే డాక్టరేట్ చేతికొచ్చినట్టే.

అపెండిక్స్ ఆపరేషన్‌కి వెళ్తూ నోట్‌బుక్‌ను పక్క టేబుల్ తమ్ముడి చేతిలో పెట్టింది. సొంత తమ్ముడేం కాదు. నోరారా అక్కా అని పిలుస్తూ రోజూ ఆమె డబ్బాలో సగం తిన్నవాడు. కుట్లు చీము పట్టి ఆమె మూడు నెలలకు తిరిగొచ్చేసరికి పేపర్ అచ్చయిపోయింది. ప్రొఫెసర్ పేరుంది, వాడి పేరుంది. ఆమె పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. ప్రొఫెసర్‌ను అడిగితే పొరపాటున జారిపోయిందన్నాడు.

నాలుగు నెలలు గడిచాక తమ్ముడుగారు నక్క వినయంతో వచ్చాడు. చేతిలో ఆ పేపర్ వేసిన సైన్సు పత్రికకు రాసిన ఉత్తరం. మొదటి పేరు ఆమెదేనట, ప్రయోగాలన్నిటికీ బాధ్యత కూడా ఆమెదేనట. సంతకం పెడితే చాలన్నాడు. పిచ్చిది, కళ్లనీళ్లు పెట్టుకుంది. వీడి మనసు కరిగిందనుకుంది.

పెన్ను రాయలేదు. ఇంకోటి కోసం వాడి సొరుగు లాగింది. అందులో ఓ కవరు, కవర్లో ఆమె మచ్చల బీడ్, దాంతోపాటు ప్రొఫెసర్ చూసి సంతకం పెట్టిన పరీక్ష రిపోర్టు. ఆ నల్లమచ్చలు పలాడియం. మూడేళ్లూ రియాక్షన్‌ను జరిపించింది ఆ మచ్చలే. బయట ఎవరు చేసినా రావడం లేదని పత్రికవాళ్లు నిలదీశారని వాడు అప్పుడు ఒప్పుకున్నాడు.

"పేపర్ వేసినప్పుడు నా పేరు గుర్తు రాలేదేంరా?" అంది.

"బీడ్ నీదే కదక్కా," అన్నాడు తలెత్తకుండా.

తడిగుడ్డతో గొంతు కోస్తూ కూడా అక్కా అనే అన్నాడు. ఆమెకు అదే ఎక్కువ బాధేసింది.

ఉత్తరం చించలేదు. వెనక్కి తిప్పి, బీడ్ సంగతి, తాను దాన్ని రాయని సంగతి, వాళ్లిద్దరూ తెలిసి దాచిన సంగతి అన్నీ రాసింది. రిపోర్టు జతచేసి సంతకం పెట్టింది. డాక్టరేట్ పోయినట్టే. మూడేళ్ల చాకిరీకి ఆమె పేరు మొదటిసారి అచ్చయ్యేది ఆ తప్పు కిందే.