మూరెడు చోటు

పాతికేళ్ళ సర్వీసులో తన బస్సు వల్ల ఎవరికీ గీతైనా పడలేదని ఆ డ్రైవరుగారి గొప్ప. నిజమే, కాదనడానికి మనమెవరం? కానీ కూతురికి నర్సు ఉద్యోగం వచ్చి, పొద్దున్న ఆరింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి, ఆ వేళకి బస్సుల్లేవు, సైకిల్ మీద వెళతానంటే మాత్రం ఒంటికాలి మీద లేచాడు. సోమవారం చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుందని పిల్ల బతిమాలింది. ససేమిరా అన్నాడు.

"రోడ్డు మీద డ్రైవర్లు ఎలా తోలతారో నీకేం తెలుసే?"

"నువ్వూ అలాగే తోలతావా నాన్నా?"

ఆయన బూట్లు తొడుక్కుని డిపోకి పోయాడు.

ఆ రోజు డిపోలో డ్రైవర్లందరికీ శిక్షణ పెట్టారు. నేర్పడానికొచ్చినావిడ మనిషి పొట్టి, గొంతు గట్టి. సైకిల్‌ని దాటేటప్పుడు ఎంత చోటు వదులుతారని అడిగింది. మూరెడు చాలని, పాతికేళ్ళుగా ఎవరికీ తగల్లేదని మన డ్రైవరుగారే అందరికంటే ముందు చెప్పాడు. పెద్దాయన మాట కదా, మిగతావాళ్ళు తలలూపారు. ఆవిడ వాదించలేదు. వెనక చక్రాన్ని స్టాండుకి బిగించిన సైకిలొకటి గోడవారగా పెట్టించి, ఎక్కి తొక్కమంది. ఆయన బొజ్జ సర్దుకుని ఎక్కాడు. వెనకనించి ఆయన బస్సునే, ఆయన చెప్పిన మూరెడు దూరంలోనే, ఇంకో డ్రైవరు నడుపుకుంటూ వచ్చాడు.

ముందు చప్పుడు, తరవాత గాలి, ఆ తరవాత గోడంత బస్సు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. బస్సు తగల్లేదు. అయినా మహానుభావుడు హ్యాండిల్ వదిలేసి గోడని కావలించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, తమ వంతు కూడా ఉందిగా మరి. సైకిల్ దిగుతుంటే ఆయనకి కూతురే కళ్ళముందు మెదిలింది. ఇన్నేళ్ళలో తాను ఇలా ఎంతమందిని హడలగొట్టాడో తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికొచ్చి కూతురి సైకిల్‌కి బ్రేకులు బిగించి, వెనక ఎర్రదీపం పెట్టాడు. పిల్ల నమ్మలేనట్టు చూసింది.

"మరి డ్రైవర్లు ఎలా తోలతారో అన్నావుగా?"

"ఒకణ్ణి ఇవాళ దార్లో పెట్టారు. మిగతావాళ్ళనీ పెడుతున్నారు. నువ్వు మాత్రం రోడ్డు అంచుకి అతుక్కుపోకుండా తొక్కు."

సోమవారం పిల్ల ఉద్యోగంలో చేరింది. కాస్త పొద్దెక్కాక ఆయన నిండు బస్సుతో ఇరుకు వంతెన ఎక్కేసరికి ముందు ఓ సైకిల్. తొక్కుతున్నది బట్టతల భారీకాయుడు. వెనకనించి చూసినా రెండువైపులా మీసాలు కనిపిస్తున్నాయి. తీరిగ్గా, పెళ్ళినడకలా తొక్కుతున్నాడు. దాటాలంటే మళ్ళీ ఆ మూరెడు చోటే ఉంది. డ్రైవరుగారు హారన్ జోలికి పోకుండా దూరంగా వెనకే నడుపుతున్నాడు. ప్రయాణికులు సణగడం మొదలుపెట్టారు. కండక్టరు ముందుకొచ్చాడు.

"ఏంటి గురువుగారూ, ఆయన మీ చుట్టమా?"

"మా అమ్మాయి," అన్నాడు డ్రైవరుగారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

కండక్టరు ఆ బట్టతల వంకా, ఆ మీసాల వంకా ఇంకోసారి చూసి, వెనక్కెళ్ళి ప్రయాణికులకి అదే మాట చెప్పాడు. బస్సంతా ఒకటే నవ్వు. వంతెన దిగేదాకా మళ్ళీ ఎవరూ తొందరపెట్టలేదు.